తిరుపతి వాళ్ళు కాస్త చెప్పండి, రోజూ వంటకి ఏ నూనె వాడాల?

బైరాగిపట్టెడ కోడలు:

అందరికీ నమస్తే. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ఇంట్లో అయిదుగురం, అత్తమ్మ, మామ, మా ఆయన, నేను, తొమ్మిది చదివే పాప. పోయిన నెల మా ఆయనకి ఆఫీసులో హెల్త్ చెకప్ చేసినారు, ఎల్‌డీఎల్, అదే చెడ్డ కొలెస్ట్రాల్, 168 వచ్చింది, మనిషికి ఇంకా 43 ఏళ్ళే. షుగర్ లేదు, బీపీ లేదు. రిపోర్టు తీసుకోని డాక్టర్ దగ్గరికి పోతే మూడు నెలలు తిండి మార్చండి, రోజూ నడవండి, మళ్ళీ టెస్టు చేయించుకోని రండి, అప్పటికీ తగ్గకపోతే మాత్ర సంగతి చూద్దాం అన్నారు. లేచి వచ్చేటప్పుడు "నూనె మార్చండమ్మా" అన్నారు, ఏ నూనెకి మార్చాల సార్ అని నోరు తెరిచేలోపల తరవాత పేషెంటు లోపలికి వచ్చేసినాడు.

ఆ ఒక్క మాట పట్టుకోని ఇంట్లో నెల రోజులుగా ఇదే పంచాయితీ. నేను పెళ్ళయినప్పట్నించి సన్‌ఫ్లవర్ రిఫైన్డ్ పాకెట్లే వాడతా ఉండా. మామది చంద్రగిరి పక్కన పల్లె, సొంతంగా చెనక్కాయ పండించిన మనిషి, ఆ పాకెట్లు అవతల పెట్టు, గానుగాడించిన చెనక్కాయ నూనె తినండి, మేమంతా అదే తిని గట్టిగా లేమా అంటారు. అత్తమ్మేమో చెనక్కాయ నూనె పిత్తం అంటుంది. మా ఆయన రాత్రిళ్ళు ఫోన్లో వీడియోలు చూసి ఒకరోజు కొబ్బరినూనె తెద్దామంటారు, రెండో రోజు ఆలివ్ ఆయిల్ అంటారు, మూడో రోజు అసలు నూనే వద్దు అంతా నెయ్యే వాడుదాం అంటారు. పాపకి ఇవేవీ పట్టవు, ఉర్లగడ్డ వేపుడు ఉంటే చాలు.

మొన్న శనివారం సూపర్‌మార్కెట్‌లో నూనెల అర ముందర పావు గంట నిలబడినా. ఒకదాని మీద జీరో కొలెస్ట్రాల్, ఇంకోదాని మీద గుండె బొమ్మ, ఇంకోదాని మీద ఒరిజనాల్, పక్కనే బ్లెండెడ్ అంట, ఏ, డి విటమిన్లు అంట. ఏదీ తీసుకోకుండా వచ్చేసినా. వచ్చే దోవలో రోడ్డు పక్కన ఒకాయన గానుగ నూనె అని బోర్డు పెట్టి లీటరు 190కి అమ్తా ఉంటే రెండు లీటర్లు తెచ్చినా, తాలింపు పెడితే చెనక్కాయ వాసనే రాలా. మామ వేలు ముంచి నాలిక మీద పెట్టుకోని "ఇది మన నూనె కాదమ్మా" అని డబ్బా పక్కన పెట్టేసినారు.

నాకు తెలియాల్సింది ఇదీ, అయిదు మందికీ పనికొచ్చేది, మా ఆయన ఎల్‌డీఎల్‌కి చెరుపు చేయనిది, మా జీతానికి కొనగలిగేది ఏ నూనె? రిఫైన్డ్ అంటే నిజంగా విషమా? గానుగ నూనె అసలుదో కాదో ఎట్లా కనుక్కోవాల? రెండు మూడు రకాలు వాడొచ్చా? మాకు నెలకి ఆరు లీటర్లు పడుతుంది, ధర చూసుకోవాల కాబట్టి అది కూడా చెప్తా ఉండా. దయచేసి వీడియో లింకులు వద్దు, మీ ఇంట్లో మీరేం చేస్తా ఉండారో అది చెప్పండి.


చిత్తూరు గానుగ:

అక్కా నమస్తే. మాది చిత్తూరు పక్కన పల్లె, మా తాత కాలంలో ఎద్దు గానుగ, ఇప్పుడు మోటారు పెట్టినాం గానీ రోకలి మాత్రం దిరిసెన కొయ్యదే. డాక్టర్ సంగతులు నాకు తెలియవు, నూనె సంగతి చెప్తా.

ముందు ఆ 190 లెక్క చూద్దాం. మేము ఒక వాయికి 15 కిలోల చెనక్కాయ పప్పు పోస్తాం. పప్పు బాగుంటే 6 కిలోల నూనె దిగుతుంది, అంటే ఆరున్నర లీటర్లు, మిగిలింది ఎనిమిదిన్నర కిలోల దాకా చెక్క. ఈ వారం మాకు పప్పు కిలో 130 పడింది, 15 కిలోలకి 1950. చెక్క ఆవులుండేవాళ్ళు కిలో 45కి తీసుకోని పోతారు, అది ఒక 380 వెనక్కి వస్తుంది. కరెంటు, కూలి కలిపి 200 వేసుకోండి. లీటరు 270 దాటి పడుతుంది, నా లాభం ఇంకా కలపలా. ఆయన ఏం కలిపినాడో నేను చూడలేదు కాబట్టి చెప్పను, కానీ ఉట్టి చెనక్కాయ ఆడించి 190కి ఇయ్యడం ఎవురి వల్లా కాదు. అందుకే ఎవురన్నా గానుగ నూనె అంటే ముందు ఆ రోజు పప్పు ధర ఎంతో అంగట్లో అడిగి రెండున్నరతో హెచ్చవేసుకోండి, కిలో నూనెకి రెండున్నర కిలోల పప్పు పోతుంది కదా, ఆ వచ్చిన దానికి శానా తక్కువకి అమ్తా ఉంటే అనుమానించాల్సిందే.

ఫ్రిజ్‌లో పెట్టి చూడు, చేతికి రాసుకోని చూడు అని చెప్పేవన్నీ నమ్మొద్దక్కా, తెలివిగా కలిపితే వాటికి దొరకదు. పప్పు మీరే కొనుక్కోని గానుగ దగ్గరికి పోయి ముందర కూర్చోని ఆడించుకోవడం ఒక్కటే గట్టి దోవ. మా దగ్గరికి అట్లా శానా మంది వస్తారు, నలుగురు అక్కచెల్లెళ్ళు కలిసి మూడు నెలలకి ఒకసారి వచ్చి వంతులేసుకోని పంచుకోని పోతారు.

ఇంకో మాట, గానుగ నూనె అమ్ముకునేవాణ్ణయినా ఇది దాచకుండా చెప్పాల. చెనక్కాయకి ఒక బూజు పడుతుంది, దాన్నుంచి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది, లివర్‌కి శానా చెడ్డది. పంట ఆఖర్లో వాన లేక చేను ఎండినా, పీకిన కాయని తడి మీదే కుప్ప పోసినా ఇది వస్తుంది. అందుకే మా నాయన కాయ ఎండిందా లేదా అని చెవి దగ్గర పెట్టి ఆడించి చూసేవాడు, లోపల పప్పు గలగల అంటేనే మూటకెత్తడం. ఫ్యాక్టరీలో రిఫైన్ చేసేటప్పుడు నూనెని క్షారంతో కడుగుతారు, ఆ కడుగుడులో ఈ విషం శానా వరకు పోతుంది. గానుగలో ఆ కడగడం ఉండదు కదా, పప్పులో ఉన్నదాంట్లో కొంత నూనెలోకి వస్తుంది, ఎక్కువ భాగం చెక్కలోకి పోతుంది, ఆ చెక్క ఆవు తింటే మళ్ళీ పాలల్లోకి. పొయ్యి మీద కాంచినా పోయేది కాదు. కాబట్టి ఏరాలక్కా. ముడుచుకోని పోయినవి, నల్లబడినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఒక్కటి కూడా గానుగలో పడకూడదు. మా అమ్మ, మా ఇంటామె చాటలో పోసుకోని కూర్చుంటే 15 కిలోలు ఏరడానికి ఒక పూట పడుతుంది, అర కిలో దాకా పక్కకి పోతుంది, అది చెక్కలో కూడా కలపం. మీరు ఏ గానుగలో కొన్నా సరే "పప్పు ఏరి పోస్తారా, ఆ మూట చూపించండి" అని అడగండి, చూపించకపోతే తీసుకోవద్దు.

ఆడించిన నూనె రెండు రోజులు కదలకుండా పెడితే మడ్డి అడుక్కి దిగుతుంది, పైది తేట వంచుకోని గుడ్డలో వడకట్టి స్టీలు క్యాన్‌లో పోసుకోండి. పొయ్యి పక్కన, కిటికీ ఎండలో పెట్టొద్దు, ముక్కిపోతుంది. రెండు మూడు నెలలకి మించి నిలవ పెట్టకండి.


అన్నం కూర లెక్క:

నమస్తే అమ్మా. నేను తిరుపతిలోనే డైటీషియన్‌ని, రోజూ ఇదే ప్రశ్న నలుగురైదుగురు అడుగుతారు. గానుగ తమ్ముడు ఏరడం గురించి చెప్పింది చాలా మంచి మాట, అందరూ గుర్తు పెట్టుకోవాలి.

మీ ప్రశ్నకి వస్తే, మీరు నొచ్చుకోకండి గానీ, మీ ఆయన 168 మీ సన్‌ఫ్లవర్ పాకెట్ వల్ల వచ్చింది కాదు అనుకుంటున్నాను. ఎల్‌డీఎల్‌ని ప్రధానంగా పెంచేది సాచురేటెడ్ అనే రకం కొవ్వు. సన్‌ఫ్లవర్‌లో అది నూటికి 11 వంతులే. నువ్వుల నూనెలో 15, చెనక్కాయ నూనెలో 18 దాకా, తవుడు నూనెలో 20 పైన, పామాయిల్‌లో సగం, నెయ్యిలో 60 పైన, కొబ్బరినూనెలో దగ్గర దగ్గర 90. మరి మీరు ఇప్పటికే వీటన్నిట్లోకీ తక్కువ ఉన్నది వాడుతున్నారు, దాన్ని తీసేసి ఇంకోటి పోస్తే ఆ నంబరు ఎట్లా దిగుతుంది? ఆయనకి ఆ కొవ్వు ఇంకెక్కడి నుంచో వస్తూ ఉండాలి. సాయంత్రం ఆఫీసు దగ్గర ఏం తింటారు, పఫ్‌లు, బిస్కెట్లు, బేకరీ సరుకులు ఎన్ని, ఆదివారం బిర్యానీ బయట నుంచా, పెరుగు మీద మీగడ ఆయనకేనా, ఇవన్నీ ఒక వారం కాగితం మీద రాయండి. కొందరికి వంశంలోనే ఎక్కువ ఉంటుంది, థైరాయిడ్ వల్ల కూడా పెరుగుతుంది, అది డాక్టర్ గారిని అడిగి చూపించుకోండి.

రెండో సంగతి, ఆరు లీటర్లు. నాకు మీ పోస్టు మొత్తంలో కంట్లో పడింది ఇదే. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. ఆరు లీటర్లంటే 5460 గ్రాములు, అయిదుగురికి, ముప్పై రోజులకి పంచితే మనిషికి రోజుకి 36 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార నియమాల్లో 2000 కేలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి, వెన్న అన్నీ కలిపి రోజుకి 27 గ్రాములు అని పెట్టింది. మీ 36లో నెయ్యి కలపలేదు, బయట తిన్నది కలపలేదు. ఏ నూనె అయినా సరే, గానుగదైనా ఆలివ్‌దైనా, గ్రాముకి 9 కేలరీలే, ఆరోగ్యకరమైన నూనె అని రెండు చెంచాలు ఎక్కువ పోస్తే ఒళ్ళుకి చేరేది అంతే. మీ ఇంటికి నెలకి నాలుగు లీటర్ల దగ్గర ఆపండి, నెయ్యికి కూడా చోటు మిగులుతుంది.

రిఫైన్డ్ విషమా అని అడిగారు. కాదు. గింజ నుంచి హెక్సేన్ అనే ద్రావకంతో నూనె తీస్తారు, ఆవిరి చేసి ఆ ద్రావకాన్ని తీసేస్తారు, తరవాత జిగురు తీసి, క్షారంతో కడిగి, మట్టితో రంగు తీసి, 200 డిగ్రీలు దాటిన వేడిలో వాసన తీస్తారు. ఇందులో సువాసన పోతుంది, కొన్ని మంచి పదార్థాలు తగ్గుతాయి, బదులుగా చెడ్డవి కూడా కొన్ని పోతాయి, వేడికి బాగా తట్టుకుంటుంది. ఏ, డి విటమిన్లు కలిపారంటే అది మంచిదే, గానుగ నూనెలో ఆ కలపడం ఉండదు. జీరో కొలెస్ట్రాల్ అనే మాటకి మాత్రం ఏ విలువా ఇవ్వకండి, కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే తిండిలో ఉంటుంది, మొక్క నూనె దేంట్లోనూ ఉండదు. ఒరిజనాల్ తవుడు నూనెలో సహజంగా ఉండేదే, మంచిదే, దాని కోసమని ఎక్కువ పోయక్కర్లేదు. బ్లెండెడ్ అంటే రెండు నూనెలు కలిపింది, ఏవి ఎంతెంత కలిపారో పాకెట్ మీద రాసి ఉండాలి, చదివి కొనండి.

మరి సన్‌ఫ్లవరే వాడుతూ ఉండొచ్చా అంటే, ఒక్కదాని మీదే ఏళ్ళ తరబడి ఉండొద్దు అంటాను. అందులో ఎక్కువ భాగం ఒమేగా 6 అనే రకం కొవ్వు, ఒంటికి కావాల్సిన ఇంకో రకం, ఒమేగా 3, లేదు, పైగా ఆ ఒమేగా 6 కొవ్వు మళ్ళీ మళ్ళీ వేడి చేస్తే తొందరగా పాడవుతుంది. చెనక్కాయ నూనెలో సగానికి దగ్గరగా ఉండేది ఆలివ్ నూనెలో ఉండే రకం కొవ్వే, వేడికి నిలబడుతుంది, మన కూరలకి రుచి కూడా అదే. కాబట్టి నా మాట ఏంటంటే, రోజువారీ వంటకి చెనక్కాయ నూనె, పొడిలోకి, పులుసులోకి, ఊరగాయకి నువ్వుల నూనె, ఈ పాకెట్ అయిపోయాక అప్పుడప్పుడు సన్‌ఫ్లవరో తవుడు నూనెనో. ఒకే క్యాన్‌లో కలపాల్సిన పని లేదు, వంటని బట్టి మార్చుకోండి. చెనక్కాయలో కూడా ఒమేగా 3 లేదు, దానికి వారంలో రెండు సార్లు చేపలు, తినకపోతే అవిసె గింజల పొడి రోజుకో చెంచా. ఆలివ్ నూనెకి డబ్బు పోయాల్సిన అవసరం మీ ఇంటికి లేదు.


మదనపల్లె నుంచి ఒకడిని:

మేడం, మీరు చెప్పినవన్నీ పుస్తకం లెక్కలు. కేరళలో తరతరాలుగా కొబ్బరినూనె తినడం లేదా? నేను రెండేళ్ళుగా కొబ్బరినూనె, నెయ్యి తప్ప వేరేది ముట్టలేదు, బరువు తొమ్మిది కిలోలు తగ్గినాను, మోకాళ్ళ నొప్పి పోయింది. మన పెద్దోళ్ళు నూనె లెక్కపెట్టుకోని తిన్నారా? బాగా తిని తొంభై ఏళ్ళు బతికినారు. ఆ అక్కకి మంచి జరగాలనే చెప్తా ఉండా, రిఫైన్డ్ మాత్రం ఇంట్లోకి రానీకండి.


అన్నం కూర లెక్క:

తమ్ముడూ, తొమ్మిది కిలోలు తగ్గడం చాలా మంచి విషయం, నిజంగా సంతోషం. అన్నం, తీపి తగ్గించి ఉంటావు కాబట్టి తగ్గావు. కానీ నీ రిపోర్టులో ఎల్‌డీఎల్ ఎంత ఉందో ఒకసారి చూపించుకో, దయచేసి. కొబ్బరినూనె మంచి కొలెస్ట్రాల్‌తో పాటు ఎల్‌డీఎల్‌ని కూడా పెంచుతుందని, మిగతా మొక్క నూనెలతో పోల్చి చూసిన పరీక్షల్లో మళ్ళీ మళ్ళీ తేలింది. 168 ఉన్న మనిషికి అది చెప్పలేను, కొబ్బరి చట్నీకి ఒక చెంచా తాలింపు అంటే పర్వాలేదు.

పెద్దవాళ్ళ మాట అంటావా, మా అవ్వ నువ్వుల నూనెని మంచినూనె అనేది, చెనక్కాయ నూనె ఆమెకి తరవాత వచ్చిందే. సీసాకి మెడలో తాడు కట్టి మేకుకి తగిలించేది, నెల సరుకుల్లో ఆ సీసా ఒక్కసారే నిండేది. వడలు, కజ్జికాయలు పండక్కే. లెక్కపెట్టలేదు అనుకుంటాం గానీ సీసానే వాళ్ళ లెక్క. పైగా పొద్దున్నించి చేలో ఒళ్ళు వంచినవాళ్ళు. మనం ఆ తిండిని మాత్రం తెచ్చుకుంటే సరిపోదు కదా.


పాకాల పెద్దమ్మ:

అమ్మా కోడలు పిల్లా, వాళ్ళందరూ ఏ నూనె ఏ నూనె అంటా ఉండారు, నేను బాండ్లి సంగతి చెప్తా. నాకు 66, నాలుగేళ్ళ కిందట మా ఇంటాయనకి స్టెంటు వేసినారు, అప్పట్నించి మా ఇంట్లో ఇద్దరికీ కలిపి నెలకి లీటరున్నర, అంతకు మించి రాదు. కష్టమేమీ కాలా.

మొదట చేసిన పని ఏందంటే నూనె క్యాన్ పొయ్యి దగ్గర్నించి తీసి పై అరలో పెట్టినా. పాకెట్ కత్తిరించి నేరుగా బాండ్లిలోకి వంచడం మన అలవాటు, ఎంత పడిందో కంటికి తెలియదు. పొద్దున్నే లేచి ఆ రోజుకి సరిపడా ఒక చిన్న గిన్నెలో కొలిచి పెట్టుకుంటా, మీ అయిదుగురికి అయితే పది చెంచాలు పెట్టుకో, కూరలు కొలిచే చెంచా కాదు తల్లీ, ఉప్మా తినే మామూలు చెంచా కూడా కాదు, మందు సీసాతో వచ్చే మూత ఉంటుంది చూడు, దాంట్లో 10 మిల్లీల గీత దాకా పోస్తే ఒక చెంచా లెక్క. ఆ గిన్నె అయిపోతే ఇంక ఆ రోజుకి అంతే. మొదటి వారం సాయంత్రానికే అయిపోయేది, రాత్రి దోసెలు నూనె లేకుండా పోసుకున్నాం, రెండో వారానికి చెయ్యి అదే పట్టుకుంది.

వంకాయ, బెండకాయ నూనె తాగుతాయి. వంకాయ ముక్కలు తాలింపులో వేసి ఉప్పు చల్లి మూత పెట్టి, మూత మీద నీళ్ళు పొయ్యి, ఆ చెమ్మకే మగ్గుతుంది, ఆఖర్లో మూత తీసి రెండు నిమిషాలు వేపు. పాపకి ఉర్లగడ్డ వేపుడు మానిపించవద్దు, ముందు ముప్పాతిక ఉడికించి, తరవాత ఇనప బాండ్లిలో రెండు చెంచాలతో ఎర్రగా వేపు, కరకరలాడుతుంది. ఎర్రగడ్డలు వేగడం లేదని మళ్ళీ నూనె పొయ్యొద్దు, రెండు చెంచాల నీళ్ళు చిలకరించు. ఊరిబిండి మనం రోజూ నూరుకుంటాం కదా, అందులో చెనక్కాయలే ఉండాయి, చెనక్కాయలో సగం నూనే, మళ్ళీ దాని మీద నాలుగు చెంచాల తాలింపు ఎందుకు? అర చెంచా నూనెలో ఆవాలు చిటపటమంటే చాలు.

నూనె పొగ వచ్చేదాకా కాంచొద్దు. ఆవాలు చిట్లేదానికి పొగ అక్కర్లేదు.


కొర్లగుంట బజ్జీల బండి:

అక్కా నేను ఆరేళ్ళుగా సాయంత్రం బజ్జీలు, మసాలా వడలు వేస్తా ఉండా కొర్లగుంట సైడు. ఆ డైటీషియన్ మేడం బయట తిండి రాయమన్నారు కదా, దాని గురించి లోపలి మాట చెప్పాలనిపించింది. బండి దగ్గర తినేవాళ్ళు నూనె ఏ కంపెనీ అని అడుగుతారు, ఎన్నోసారి కాంచినావు అని ఒక్కరూ అడగరు. అసలు చూడాల్సింది అదే. నూనె మళ్ళీ మళ్ళీ కాగితే చిక్కబడుతుంది, ముదురు తేనె రంగు దాటి నలుపుకి వస్తుంది, బజ్జీ వేస్తే నురగ పైకి పొంగి ఆగదు, తక్కువ మంటకే పొగ లేస్తుంది. ఆ నూనెలో చేరే పాడు పదార్థాన్ని టోటల్ పోలార్ కాంపౌండ్స్ అంటారంట, అది 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై నుంచి ఫుడ్ సేఫ్టీ రూలు ఉంది, మాకు ట్రైనింగ్‌లో చెప్పినారు. అప్పట్నించి నేను మిగిలిన నూనెలో మరుసటి రోజు కొత్త నూనె కలపడం మానేసినా, వాడేసిన నూనె బయోడీజిల్ వాళ్ళకి పోసేస్తా ఉండా. లాభం తగ్గింది, నిజమే, అయినా మా పిల్లలు కూడా ఆ బజ్జీలే తింటారు కదా అక్కా.

ఇంట్లో కూడా అంతే, అప్పడాలు వేపిన నూనె డబ్బాలో పోసి పది రోజులు దాస్తారు, దాంట్లోనే మళ్ళీ పూరీలు, దాంట్లోనే మళ్ళీ వడలు.


అన్నం కూర లెక్క:

బజ్జీల తమ్ముడికి చేతులెత్తి దండం. ఇంట్లో సంగతి కూడా సరిగ్గా చెప్పాడు. పోషకాహార సంస్థ 2024 నియమాల్లో ఇదే ఉంది, ఒకసారి వేపుడుకి వాడిన నూనెని వడకట్టి కూరలకి వాడుకోవచ్చు, ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి, మళ్ళీ వేపుడుకి మాత్రం కాంచకూడదు. అందుకని వేపుడు చేసే రోజు చిన్న బాండ్లి పెట్టండి, వెడల్పు తక్కువ ఉంటే పావు లీటరుకే గారెలు మునుగుతాయి, మిగిలేది కూడా తక్కువే ఉంటుంది. పెద్దమ్మ గారి మూత లెక్క కూడా సరిపోయింది, 10 మిల్లీలంటే 9 గ్రాములు, పది మూతలు 91 గ్రాములు, అయిదుగురికి మనిషికి 18 గ్రాములు పడుతుంది, పిల్లకి, నెయ్యికి, ఎప్పుడన్నా వేపుడుకి చోటు ఉంటుంది. మొదట్లోనే పదికి రాకపోయినా పర్వాలేదు, పద్నాలుగుతో మొదలుపెట్టండి.


బైరాగిపట్టెడ కోడలు:

అందరికీ చేతులు జోడించి థాంక్స్. రెండు వారాలు ఆగి రాస్తా ఉండా, చేసి చూసి రాద్దామని.

మేడం చెప్పినట్టు ఒక వారం కాగితం మీద రాసినా. మా ఆయన దాచకుండా చెప్పినారు. వారంలో నాలుగు సాయంత్రాలు ఆఫీసు కింద ఎగ్ పఫ్, రెండు రోజులు బజ్జీలు, టీతో పాటు క్రీమ్ బిస్కెట్లు లెక్కే లేదు, ఆదివారం బయట బిర్యానీ. ఇంట్లో మీగడంతా ఆయన గిన్నెలోకే, అత్తమ్మ చిన్నప్పట్నించి అట్లా వేసి పెడుతుంది. ఆ కాగితం అన్నం తినేటప్పుడు చదివితే ఎవురూ మాట్లాడలా, అత్తమ్మే లేచి పోయి పెరుగు గిన్నెలో మీగడ పక్కకి తీసేసింది, ఇంక వెన్న చేసి పాపకి పెడతా అనింది. నేను ఇన్నాళ్ళు నా పొయ్యి దగ్గరే తప్పు ఉందని అనుకోని ఎంత బాధ పడినానో, ఆ రోజు కొంచెం తేలికైంది. ఇప్పుడు ఆయనకి సాయంత్రానికి డబ్బాలో ఉడకబెట్టిన చెనక్కాయలో అలచందల గుగ్గిళ్ళో పెట్టి పంపిస్తా ఉండా.

నూనె కూడా తగ్గించినా, పద్నాలుగు మూతలతో మొదలుపెట్టినా, ఇప్పుడు పన్నెండు. కొలిచిన మొదటి రోజు మధ్యాహ్నానికే గిన్నె ఖాళీ, అప్పుడు తెలిసింది నేను ఒక్క పప్పు తాలింపుకే నాలుగు మూతలు పోస్తా ఉన్నానని. వంకాయ మూత మీద నీళ్ళు పోసి మగ్గించినా పెద్దమ్మా, మామ రెండుసార్లు అడిగి వేయించుకున్నారు.

గానుగ తమ్ముడూ, మామ, నేను పోయిన ఆదివారం చంద్రగిరి సైడు ఒక గానుగకి పోయినాం. పప్పు మామే తెచ్చినారు, ముందు రోజు రాత్రి నట్టింట్లో చాప పరిచి ఇంటిల్లిపాదీ కూర్చోని ఏరినాం, పాప కూడా ఏరింది, పాడు పప్పు ఒక దోసెడు పైగా వచ్చింది. ఆడిస్తా ఉంటే ఆ వాసనకి మామ కళ్ళు మూసుకోని నిలబడినారు. అయితే ఒక అనుమానం, నూనె కొంచెం మబ్బుగా ఉంది, మూడు రోజులైనా పూర్తిగా తేట తేరలా, పాడయిందా? పప్పు తడిగా ఏమీ లేదు. ఇంకోటి, నువ్వుల నూనెకి గానుగలో తాటిబెల్లం వేస్తారని అక్కడ విన్నా, అది నిజమా, ఎందుకు?


చిత్తూరు గానుగ:

పాడేమీ కాలేదక్కా. ఆడించేటప్పుడు కొంచెం నీళ్ళు చిలకరిస్తాం, మడ్డి సన్నగా ఉంటే దిగేదానికి అయిదారు రోజులు కూడా పడుతుంది. నూనె ముక్కిన వాసన రాకుండా, నాలిక మీద చేదు తగలకుండా ఉంటే బాగున్నట్టే. వెడల్పు మూతి గిన్నెలో పల్చని గుడ్డ కట్టి ఎండ తగలని చోట రెండు పూటలు పెట్టి, కదపకుండా పైది వంచుకోండి, అడుగున మిగిలిన మడ్డి నూనె ముందు వాడేయండి, అదే తొందరగా ముక్కేది.

తాటిబెల్లం నిజమే. నువ్వు సన్నగింజ కదా, ఉట్టిగా ఆడిస్తే రోకలికి పట్టు దొరకదు, పిండి జారిపోతా ఉంటుంది. బెల్లం వేస్తే చెక్క గట్టిగా ముద్ద కట్టి నూనె విడిపోతుంది. 10 కిలోల నువ్వులకి మేము అర కిలో దాకా వేస్తాం, తీపి చెక్కలోనే ఉండిపోతుంది, నూనెలోకి రాదు. ఆ చెక్క వేడిగా ఉన్నప్పుడు మా పిల్లలు ముక్కలు విరుచుకోని తినేస్తారు. మీరు పోయినప్పుడు పాపని కూడా తీసుకోని పోండి, అడిగి ఒక ముక్క ఇప్పించండి.

మూడు నెలలకి టెస్టు చేయించినాక నంబరు ఎంత వచ్చిందో ఇక్కడే రాయండక్కా, మేమంతా చూస్తా ఉంటాం.